సముద్రపు నీటి పంపు స్లీవుకు ప్లాస్మా పూత: భీమిలి తీరపు హేచరీలో ఒక కేస్ స్టడీ

భీమునిపట్నం తీరంలో రొయ్య పిల్లలను పెంచే ఒక హేచరీ వారు, సముద్రపు నీటిని తోడే సెంట్రిఫ్యూగల్ పంపు తాలూకు అరిగిన షాఫ్ట్ స్లీవులు కొన్నింటిని గోనెసంచిలో వేసి గాజువాక ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపుకు పంపారు. వాటిలో కొన్ని ఏ పూతా లేని 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి. రెండింటికి హార్డ్ క్రోమ్, అంటే విద్యుత్తుతో పట్టించే గట్టి క్రోమియం పొర, వేయించారు. ఒకదానికి మాత్రం వేరే ఊరిలో ప్లాస్మా స్ప్రే పద్ధతిలో క్రోమియం ఆక్సైడ్ పూత పూయించారు. మూడు రకాలూ నిలవలేదని, చివరిదానికి డబ్బు ఎక్కువ పెట్టినా ప్లాస్మా పూత వల్ల ఒరిగిందేమీ లేదని యజమాని అభిప్రాయం. నేను ఎక్కువసేపు పరిశీలించింది ఆ చివరి స్లీవునే. దాని పూత అరగలేదు. పూత కిందికి ఉప్పునీరు చేరడంతో పెచ్చులుగా ఊడింది. అరగడానికీ ఊడడానికీ మధ్య ఉన్న ఈ తేడాను గుర్తించకపోతే, వినియోగదారుడు ఇంకా గట్టి పూత కోసం వెతుకుతూనే ఉంటాడు, స్లీవులు ఊడుతూనే ఉంటాయి.

పంపు షాఫ్టు కేసింగు గోడను దాటి బయటికి వచ్చేచోట నీరు కారకుండా గ్లాండ్ తాడు చుట్టి బిగిస్తారు. ఆ తాడు రాపిడికి షాఫ్టు అరగకుండా దానిమీద తొడిగే గొట్టం స్లీవు. ఈ పంపులో స్లీవు బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు, మోటారు వేగం నిమిషానికి 1450 చుట్లు. అంటే తాడు కింద స్లీవు ఉపరితలం సెకనుకు సుమారు నాలుగున్నర మీటర్ల వేగంతో జారుతుంది. శుభ్రమైన నీటిలో ఇది పెద్ద ఇబ్బంది పెట్టే వేగం కాదు. ఇసుక కలిసిన నీటిలో మాత్రం రేణువులు మెత్తని తాడులో కూరుకుపోయి, అక్కడే ఉండి, తిరిగే లోహాన్ని ఒకే వరుసలో గీరుతూ పోతాయి. పూత లేని స్లీవుల మీద తాడు చుట్టు ఎన్ని ఉన్నాయో గాడులు కూడా సరిగ్గా అన్నే ఉండడానికి కారణం ఇదే. గాడి పడిన తరువాత కొత్త తాడు వేసినా అది గాడి అడుగును తాకదు. “తాడు మార్చిన వారానికే మళ్లీ కారుతోందండి, బిగిస్తే పొగలొస్తున్నాయండి” అని హేచరీ మెకానిక్ చెప్పిన మాటలో రోగ లక్షణమంతా ఉంది.

విశాఖ తీరపు ఇసుకను మామూలు నది ఇసుకతో సమానంగా లెక్కగట్టడం సరికాదు. మన చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో చాలా భాగం ఖొండలైట్ శిల. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్‌లతో పాటు గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అందులో ఉంటాయి. ఆ కొండలు శిథిలమై, గోస్తనీ వంటి ఏరుల వెంట కడలికి చేరి, అలల తాకిడికి తేలికవి బరువైనవి వేరుపడగా భీమిలి తీరంలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్ కలిసిన బరువు ఇసుక పేరుకుంది. ఒడ్డున నల్లగా, ముదురు ఎరుపుగా కనిపించే చారలు అవే. హేచరీ వారి సక్షన్ పైపు కొన నుంచి తెచ్చిన ఇసుకను భూతద్దం కింద పెడితే గులాబీ రంగు గార్నెట్ పలుకులు విడిగా కనిపించాయి.

ఈ సంగతి ఎందుకంటే, పూత ఎంపిక రేణువు కాఠిన్యంతోనే మొదలవుతుంది. 316 స్టీలు కాఠిన్యం విక్కర్స్ కొలతలో 200 లోపు ఉంటుంది. క్వార్ట్జ్ 1000 దాటుతుంది, గార్నెట్ సుమారు 1300 వరకు పోతుంది. రాపిడి అరుగుదల విషయంలో ఇంజినీర్లు పాటించే స్థూల నియమం ఒకటుంది: రేణువు కాఠిన్యం ఉపరితల కాఠిన్యానికి సుమారు 1.2 రెట్లు దాటి ఉన్నంతవరకు గీత పడుతూనే ఉంటుంది. ఆ నిష్పత్తి అంతకంటే తగ్గితే అరుగుదల రేటు బాగా పడిపోతుంది. 1300ను 1.2తో భాగిస్తే 1100కు కాస్త తక్కువ వస్తుంది. కాబట్టి ఈ తీరంలో స్లీవు ఉపరితలాన్ని 200 నుంచి 500కు తెచ్చినా పెద్దగా ఒరగదు, 1100 దాటించినప్పుడే ఫలితం కనిపిస్తుంది. హార్డ్ క్రోమ్ సాధారణంగా 850 నుంచి 1000 మధ్య ఉంటుంది. క్వార్ట్జ్ మాత్రమే ఉన్న నీటిలో అది కొంతకాలం నెట్టుకొస్తుంది. గార్నెట్‌కు కావలసిన 1100 గీతను దాటలేకపోయింది.

పంపునే మార్చకూడదా అని ఎవరైనా అడగవచ్చు. రాగి అయాన్లు రొయ్య లార్వాలకు విషం కాబట్టి కంచు పంపును హేచరీ దరిదాపులకు రానివ్వరు. గ్లాండ్ తాడుకు బదులు, రెండు నునుపైన ముఖాలు ఒకదానిపై ఒకటి తిరుగుతూ నీటిని ఆపే మెకానికల్ సీలు వాడదామంటే, ఆటు సమయంలో సక్షన్ పైపులోకి గాలి చొరబడి పంపు కొద్దిసేపు పొడిగా తిరగడం అక్కడ తరచూ జరిగేదే. అలా తిరిగితే సీలు ముఖాలు పగిలిపోతాయి. ప్లాస్టిక్ పంపు చిన్న సామర్థ్యానికి బాగుంటుంది గానీ వారికి కావలసిన ఎత్తుకు, ప్రవాహానికి సరిపడేది దొరకలేదు. గ్లాండ్ తాడు పాతకాలపు ఏర్పాటే అయినా, నడుస్తుండగానే బిగించుకోవచ్చు, అర్ధరాత్రి మెకానిక్ ఒక్కడే మార్చుకోవచ్చు. దానిని అలాగే ఉంచి స్లీవును బాగుచేయడమే తెలివైన పని అని నేనూ, హేచరీ వారూ ఒప్పుకున్నాము.

విప్పి చూసినప్పుడు తేలినవి

హార్డ్ క్రోమ్ స్లీవుల మీద గాడులు లోతు తక్కువే గానీ, వాటి పక్కనే సూది మొనంత గుంటలు, ఆ గుంటల చుట్టూ క్రోమ్ ఎగదన్నిన చోట్లు కనిపించాయి. హార్డ్ క్రోమ్ పొరలో కంటికి కనపడనంత సన్నని పగుళ్ల వల సహజంగానే ఉంటుంది. క్లోరైడు నిండిన నీరు ఆ పగుళ్ల గుండా అడుగున ఉన్న స్టీలును చేరుతుంది. అక్కడ ఆక్సిజన్ అందదు, స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే పలుచని ఆక్సైడు పొర తిరిగి కట్టుకోదు, సందు తుప్పు మొదలవుతుంది. దీనికి తోడు హేచరీలో వాడుతున్నది గ్రాఫైట్ తాడు. సముద్రపు నీటిలో గ్రాఫైట్ చాలా ‘ఉదాత్త’మైన పదార్థం, అంటే తాను తుప్పు పట్టదు, దానిని తాకుతూ ఉన్న స్టీలు ఆనోడుగా మారి తన లోహాన్ని పోగొట్టుకుంటుంది. పంపు తిరుగుతున్నప్పటికంటే, ఒక బ్యాచికీ మరో బ్యాచికీ మధ్య ఆగి ఉన్నప్పుడే ఈ నష్టం ఎక్కువ. తాడు సందుల్లో నిలిచిన ఉప్పునీరు కదలదు కాబట్టి. సీజను లేని నెలల్లో పంపును కడగకుండా వదిలేయడం వల్ల పోయిన స్లీవులు, ఇసుక వల్ల పోయిన వాటికి పెద్దగా తీసిపోవని నా అనుభవం.

ఇక ప్లాస్మా పూత వేసిన స్లీవు. దాని మధ్య భాగం ఇంకా నల్లగా, అద్దంలా ఉంది. గోరు ఆడించినా గాడి తగలలేదు. పంపు వైపు కొసన మాత్రం వేలెడు వెడల్పున పూత ఊడిపోయి, అడుగున గోధుమరంగు మరక తేలింది. దానిని డైమండ్ బ్లేడుతో నెమ్మదిగా అడ్డంగా కోయించి, రెజిన్‌లో పోతపోసి, పాలిష్ పట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టాము. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సిరామిక్ పూతను తొందరపడి పాలిష్ చేస్తే రేణువులు ఊడివచ్చి, లేని రంధ్రాలు ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ బొమ్మను చూసి పూత వేసినవాడిని తప్పుపట్టిన సందర్భాలు ఈ రంగంలో తక్కువేమీ కాదు. సన్నని డైమండ్ పేస్టుతో ఓపికగా చేసిన నమూనాలో మూడు విషయాలు స్పష్టంగా తేలాయి. ఆక్సైడు పొరకూ స్టీలుకూ మధ్య వేసిన బాండ్ కోటు నికెల్-అల్యూమినియం రకం. అది కొస నుంచి లోపలికి ఒక చారగా తినేయబడింది. పూతలోని రంధ్రాల్లో, వాటిని పూడ్చే సీలర్ జాడ ఎక్కడా లేదు. పూత ముగిసేచోట అంచు నిలువుగా, పదునుగా ఉంది, పైగా ఆ అంచు సరిగ్గా లోపలి తాడు చుట్టు కిందికే వచ్చింది. పూత పొడి ఎంపికలో లోపం లేదు. దాని చుట్టూ చేయవలసిన పనులే జరగలేదు.

పూత స్వభావం

ప్లాస్మా స్ప్రే గన్నులో టంగ్‌స్టన్ కాథోడుకూ, నీటితో చల్లబరిచే రాగి నాజిల్‌కూ మధ్య విద్యుత్ ఆర్కు వెలుగుతుంది. ఆర్కు గుండా పోయే ఆర్గాన్, హైడ్రోజన్ వాయువులు అయనీకరణం చెంది, నాజిల్ మొదట్లో ఆ ప్లాస్మా ఉష్ణోగ్రత 10,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. క్రోమియం ఆక్సైడ్ కరగడానికి 2,400 డిగ్రీలకు పైగా కావాలి. అంత వేడి గ్యాస్ మంటలోనూ పుడుతుందిగానీ, రేణువు మంటలో ఉండేది సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ మాత్రమే కాబట్టి, ఆ కొద్ది వ్యవధిలో రేణువు నడిమి దాకా కరగాలంటే ప్లాస్మా తప్పనిసరి. హైడ్రోజన్ కలపడంలో ఉద్దేశం కూడా ఇదే: అది వేడిని రేణువుకు త్వరగా అందిస్తుంది.

కరిగిన బొట్టు సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో వచ్చి, గోడకు కొట్టిన పిడకలాగా చదునై, గరుకు ఉపరితలాన్ని పట్టుకుని గట్టిపడుతుంది. దానిమీద మరొకటి, ఆపైన మరొకటి పడతాయి. పూత మొత్తం ఇలాంటి పలుచని పలకల దొంతర. స్టీలుతో దానికి ఉన్న బంధం ముఖ్యంగా యాంత్రికమైనది, వెల్డింగులో లాగా లోహాలు కలిసిపోవు. పలకల మధ్య సందులుంటాయి. బాగా వేసిన పూతలో కూడా రంధ్రాలు ఘనపరిమాణంలో 2 నుంచి 5 శాతం దాకా ఉంటాయి. ఈ రెండు గుణాలనూ ఒప్పుకుని పని చేయాలి. పూత కాఠిన్యం 1200కు పైన వస్తుంది, గార్నెట్‌కు అది చాలు. నీటిని ఆపడం మాత్రం పూత వల్ల కాదు, దానికి వేరే ఏర్పాటు కావాలి.

ఇతర మార్గాలు పరిశీలించకుండా ఈ నిర్ణయానికి రాలేదు. ప్లాస్మా నైట్రైడింగ్ అంటే వాక్యూమ్ పాత్రలో నైట్రోజన్, హైడ్రోజన్ మిశ్రమాన్ని ప్లాస్మాగా మార్చి నైట్రోజన్‌ను స్టీలులోకే చొప్పించడం. పైన అతికించిన పొరంటూ ఉండదు కాబట్టి ఊడే సమస్యే రాదు. అయితే 316 స్టీలును 500 డిగ్రీల దగ్గర నైట్రైడ్ చేస్తే క్రోమియం నైట్రైడుగా వేరుపడి, తుప్పును ఆపే గుణం పోతుంది. సముద్రపు నీటికి అది ఎంతమాత్రం పనికిరాదు. 400 నుంచి 430 డిగ్రీల మధ్య చేస్తే నైట్రోజన్ ద్రావణంగానే నిలిచి, ‘ఎస్-ఫేజ్’ అనే గట్టి పొర తుప్పు నిరోధం చెడకుండా ఏర్పడుతుంది. దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అడుగున మెత్తని 316, పైన అంత పలుచని పొర, మధ్యలో దానికంటే చాలా పెద్ద ఇసుక రేణువు: రేణువు ఒత్తిడికి అడుగు లోహం లొంగితే పై పొర విరుగుతుంది. 2 నుంచి 4 మైక్రాన్ల మందం ఉండే టైటానియం నైట్రైడ్ వంటి, వాక్యూమ్‌లో ఆవిరి నుంచి పట్టించే పీవీడీ పూతలకు ఈ అభ్యంతరం మరింత బలంగా వర్తిస్తుంది. గట్టిపరిచిన టూల్ స్టీలు పంచ్‌ల మీద అద్భుతంగా పనిచేసే పూతలను తెచ్చి ఇసుక నీటిలో పెట్టడం వాటికి అన్యాయం చేయడమే. అల్యూమినా-టైటానియా ప్లాస్మా పూత చవక, కాస్త దెబ్బ ఓర్చుకుంటుంది కూడా. కాఠిన్యం మాత్రం ఆ 1100 గీతకు కాస్త ఇవతలే ఆగిపోతుంది. అసలైన పోటీదారు, ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి పొడిని అతివేగంగా చిమ్మే హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో వేసే టంగ్‌స్టన్ కార్బైడ్-కోబాల్ట్-క్రోమియం పూత. రంధ్రాలు ఒక శాతం లోపు, బంధం ఇంకా గట్టిది. ఖర్చు భరించగలిగినవారికి నేను దానినే చెబుతాను. ఈ హేచరీకి స్లీవు వరసగా కావాలి, ధర అందుబాటులో ఉండాలి, క్రోమియం ఆక్సైడ్ మీద తాడు నునుపుగా జారుతుందనే మంచి పేరు కూడా ఉంది. అందుకని అక్కడికే వచ్చాము.

స్లీవులో చేసిన మార్పులు

మొదటి మార్పు మూల లోహంలో. 316కు గుంట తుప్పును తట్టుకునే సూచిక, అంటే క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతాన్ని 3.3 రెట్లు, నైట్రోజన్ శాతాన్ని 16 రెట్లు కలిపి వేసే లెక్క, సుమారు 24 వస్తుంది. 2205 డూప్లెక్స్ అనే మరో రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అది 35 దాకా ఉంటుంది. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే మన సముద్రపు నీటిలో, కదలని సందుల్లో, 316 నిలుస్తుందని ఆశించడం కష్టం. పూత వేస్తున్నాం కదా, అడుగున ఏదైతేనేం అనే వాదన చాలామంది నోట వింటాను. పూత దాటి నీరు వెళ్లదనే నమ్మకం ఉన్నవారు అనే మాట అది. పైగా డూప్లెక్స్ స్టీలు వేడికి సాగే గుణం 316 కంటే తక్కువ, సిరామిక్‌కు కొంత దగ్గర. 316 డిగ్రీకి పది లక్షల వంతుల్లో 16 వంతులు సాగితే, డూప్లెక్స్ 13, క్రోమియం ఆక్సైడ్ 8 దగ్గర సాగుతాయి. తాడు పొడిబారి స్లీవు 100 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, 60 మిల్లీమీటర్ల వ్యాసం మీద 316కూ పూతకూ మధ్య తేడా సుమారు 0.05 మిల్లీమీటరు. వినడానికి చిన్నదే. సాగడం తెలియని సిరామిక్‌కు పగులు పుట్టించడానికి అది చాలు. డూప్లెక్స్‌తో ఈ తేడా 0.03 మిల్లీమీటరుకు తగ్గుతుంది.

రెండవది పూత సరిహద్దు. లేతు మీద స్లీవును పూత మందానికి సరిపడా తవ్వి, ఆ తవ్వకం అంచులను నిలువుగా వదలకుండా 45 డిగ్రీల వాలుతో, మూలలు గుండ్రంగా తీర్చాము. పంపు వైపు పూతను తాడు కింద ముగించకుండా, లోపలి తాడు చుట్టును దాటించి స్లీవు ముఖం మీదికి మలిచాము. అక్కడ నీటిని తోసే చక్రమైన ఇంపెల్లర్ హబ్‌కూ స్లీవుకూ మధ్య గాస్కెట్ కూర్చుంటుంది కాబట్టి పూత అంచుకు నీరు తగలదు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన మార్పు ఇదే. ఇందులో పొడి ఖర్చు స్వల్పం, డ్రాయింగు మార్పు ఒక్క గీత.

మూడవది బాండ్ కోటు. నికెల్-అల్యూమినియం పొర స్టీలుకు బాగా అతుకుతుందిగానీ ఉప్పు ద్రావణాల్లో వాడవద్దని పొడి తయారీదారుల డేటా షీట్లే చెబుతాయి. దాని స్థానంలో 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం ఉన్న పొడిని 100 మైక్రాన్ల మందంతో వేశాము.

పని జరిగిన తీరు

గ్రిట్ బ్లాస్టింగుకు తెల్ల అల్యూమినా, 24 మెష్ పరిమాణంలో వాడాము. స్టీలు గ్రిట్ వాడితే ఇనుప రేణువులు ఉపరితలంలో గుచ్చుకుని అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. గరుకుదనం ఆర్‌ఏ (సగటు ఎత్తుపల్లాల) కొలతలో 5 మైక్రాన్లకు అటూ ఇటూ ఉండేలా చూశాము. విశాఖలో ఈ దశకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. బ్లాస్టింగ్ అయిన ఉపరితలం ఆ గాలికి ఎంతసేపు ఉంటే అంత ఉప్పును పట్టుకుంటుంది, ఆ ఉప్పు తరువాత పూత కిందే ఉండిపోతుంది. అందువల్ల బ్లాస్టింగ్ గదికీ స్ప్రే గదికీ మధ్య తలుపులు మూసి, గంటలోపు పూత మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాము. బ్లాస్టింగుకు, చల్లబరచడానికి వాడే కంప్రెస్డ్ గాలిని డ్రయర్ గుండా పంపాలి. వానాకాలంలో డ్రయర్ లేని కంప్రెసర్ గాలి నీటి తుంపరలతోనే వస్తుంది. పొడిని ఓవెన్‌లో ఆరబెట్టకపోతే గొట్టంలో గడ్డకట్టి, గన్నులోకి కుదుపులుగా పడుతుంది. ఆ కుదుపు పూతలో కరగని రేణువుల గుంపుగా కనిపిస్తుంది.

స్లీవును తిరిగే చక్‌లో బిగించి, మొదట 100 డిగ్రీల దాకా వేడిచేసి తేమ పోగొట్టి, బాండ్ కోటు వేసి, ఆపైన క్రోమియం ఆక్సైడును గన్నుకూ స్లీవుకూ 100 మిల్లీమీటర్ల దూరం ఉంచి వరసలు వరసలుగా వేశాము. స్లీవు 150 డిగ్రీలు దాటకుండా పక్కనుంచి గాలి జెట్లు ఊదుతూ, మధ్యమధ్య ఆపుతూ పోవాలి. ఒకే ఊపులో మందం పెంచేద్దామనే తొందర పూతలో లోపలి ఒత్తిడిగా మిగిలిపోయి, గ్రైండింగులో పగులుగా బయటపడుతుంది. గ్రైండింగుకు వదిలే మందంతో కలిపి ఆక్సైడును 350 మైక్రాన్ల దాకా వేశాము. ఎగిరే పొడిలో సగానికి అటూ ఇటూ మాత్రమే స్లీవుకు అంటుతుంది, మిగతాది ధూళి. ఈ ధూళి విషయంలో రాజీ పడకూడదు. క్రోమియం ఆక్సైడు స్వతహాగా స్థిరమైనదే అయినా, ప్లాస్మా వేడిలో కొంత భాగం ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ క్రోమియంగా మారే అవకాశం ఉంది. మూసిన గది, గట్టి ధూళి సేకరణ యంత్రం, లోపలికి వెళ్లేవారికి సరైన మాస్కు లేకుండా ఈ పూత వేయకూడదు. గన్ను శబ్దం, ఆర్కు నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి కూడా మనిషిని గది బయటే ఉంచమని చెబుతాయి.

పూత పూర్తయి స్లీవు ఇంకా గోరువెచ్చగా ఉండగానే, పలుచని ఎపాక్సీ సీలర్‌ను బ్రష్షుతో పట్టించి, రంధ్రాలు పీల్చుకునేంత సమయమిచ్చి, ఓవెన్‌లో గట్టిపరిచాము. సీలర్ గ్రైండింగుకు ముందే పట్టాలి. తరువాతయితే కూలెంటు రంధ్రాల్లో చేరి సీలర్‌కు చోటు లేకుండా చేస్తుంది. గ్రైండింగులో కొత్తగా తెరుచుకున్న రంధ్రాల కోసం చివరలో మరో పలుచని పూట పట్టించి తుడిచాము. గ్రైండింగ్ డైమండ్ వీలుతో, ధారాళమైన కూలెంటుతో, ఒక్కో కోతకు 10 మైక్రాన్లకు మించకుండా జరిగింది. చివరి పూత మందం 250 మైక్రాన్లు, నునుపు ఆర్‌ఏ 0.3 మైక్రాన్లు. మామూలు గ్రైండింగ్ వీలుతో దీనిని రుద్దబోయే లేతు షాపులు మన ఆటోనగర్లలో ఉన్నాయి. వీలు అరుగుతుంది, పూత వేడెక్కి పగుళ్లు తేలుతుంది, ఎవరిది తప్పన్న వాదన మాత్రం మిగులుతుంది.

తనిఖీకి స్లీవుతో పాటే అదే లోహపు చిన్న దిమ్మల మీద పూత వేసి, ఎపాక్సీ జిగురుతో అతికించి లాగి చూశాము. విరుపు బాండ్ కోటు దగ్గర కాక ఆక్సైడు పొర లోపల రావడం మాకు కావలసిన ఫలితం, అలాగే వచ్చింది. సీలర్ పని చేసిందా లేదా అన్నది డై పెనెట్రెంట్‌తో, అంటే సందుల్లోకి ఇంకిన ఎర్ర రంగును పైన వేసిన తెల్ల పొడి మీద చూపే పరీక్షతో, చూశాము. సీలర్ లేని నమూనా ఒళ్లంతా ఎర్రబడింది. సీల్ చేసిన స్లీవు అంచుల దగ్గరతో సహా తెల్లగానే నిలిచింది.

బిగింపు, ఆ తరువాత

పూత ఎంత బాగున్నా, పాత అలవాట్లతో బిగిస్తే ఎక్కువ కాలం ఉండదు. గ్రాఫైట్ తాడు తీసేయించి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఆధారిత తాడు వేయించాము. గ్లాండ్ మధ్యలో తాడు చుట్ల నడుమ నీరు పంచే రంధ్రాల లాంటర్న్ రింగుకు, హేచరీలోనే ఇసుక ఫిల్టరు దాటి వచ్చే శుభ్రమైన సముద్రపు నీటిని స్టఫింగ్ బాక్సు (తాడు కూర్చునే గూడు) ఒత్తిడి కంటే కొంత ఎక్కువ ఒత్తిడితో పంపే సన్నని గొట్టం వేయించాము. దీనితో ఇసుక నీరు తాడు వైపు రాకుండా లోపలికే నెట్టబడుతుంది. ఈ ఫ్లష్ గొట్టం పూత లేని స్లీవుకు కూడా ఎప్పుడో ఉండవలసింది. సిరామిక్ పూతకు దాని అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే సిరామిక్ వేడిని స్టీలు అంత తేలిగ్గా షాఫ్టులోకి పోనివ్వదు; రాపిడి వేడి తాడు దగ్గర మరింతగా నిలుస్తుంది. కారడం పూర్తిగా ఆగేదాకా గ్లాండు బిగించే మెకానిక్‌కు, బొట్టు బొట్టుగా కారుతూ ఉండాలని, ఆ బొట్లే తాడుకు చల్లదనమని నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది. పొడిగా తిరిగి వేడెక్కిన గ్లాండు మీద గబుక్కున చల్లని నీళ్లు పోయవద్దని కూడా గట్టిగా చెప్పాము.

వానాకాలం ముగిశాక ఒకసారి, ఏడాది తిరిగాక మరోసారి గ్లాండు విప్పి స్లీవును చూశాము. తాడు చుట్ల కింద పూత మెరుపు కాస్త మందగించింది, మైక్రోమీటరుకు అందే గాడి మాత్రం పడలేదు. పంపు వైపు ముఖం మీద తుప్పు మరక లేదు. అంతకుముందు పూత లేని స్లీవు ఒక వానాకాలాన్ని కూడా దాటేది కాదు. తాడు మార్చడం కూడా బాగా తగ్గింది, గాడి లేని స్లీవు మీద తాడు చిరగదు కాబట్టి. ఇందులో పూతది ఎంత వాటా, ఫ్లష్ గొట్టానిది ఎంత, తాడు మార్పుది ఎంత అని విడదీసి చెప్పలేను. మూడూ కలిసే బిగించాము, హేచరీ సీజనులో ఒక్కొక్కటిగా పరీక్షించే వెసులుబాటు ఉండదు. అయితే ఊడకపోవడం మాత్రం లోహం, అంచు, బాండ్ కోటు, సీలర్ల వల్లనేనని పాత స్లీవు కోత నమూనాను పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

రెండో పంపుకు పంపిన స్లీవుల్లో ఒకటి బిగించేటప్పుడే చెడింది. షాఫ్టు మీదికి ఎక్కక సుత్తితో కొట్టగా బయటి అంచున పూత చిన్న పెచ్చు లేచింది. సిరామిక్ పూతకు దెబ్బ సహించే గుణం లేదు. లోపలి రంధ్రం జారుడు బిగింపుగా, షాఫ్టుతో కలిసి తిరిగేలా పట్టే కీతో, ఓ-రింగుతో ఉండేలా మార్చి, చేతితో నెడితే కూర్చునేలా చేశాము. పెచ్చు లేచిన స్లీవును పారేయలేదు. పూతను బ్లాస్టింగుతో తీసివేసి, అదే డూప్లెక్స్ గొట్టం మీద మళ్లీ పూత వేశాము. మూల లోహం ఖరీదైనప్పుడు ఈ వెసులుబాటుకు విలువ ఉంది.

ఇదే పంపులో, ఇంపెల్లర్‌కూ కేసింగుకూ మధ్య సన్నని సందును కాపాడే వేర్ రింగులకూ క్రోమియం ఆక్సైడు వేయమని హేచరీ వారు అడిగారు. వద్దని చెప్పాను. అక్కడ సందు చాలా తక్కువ, ఆటు సమయంలో గాలి మింగి పంపు కంపించినప్పుడు రింగులు ఒకదానినొకటి తాకుతాయి, పూత పెచ్చు లేస్తే ఆ పెచ్చే మిగతా రింగును కోస్తుంది. వాటికి 420 డిగ్రీల దగ్గర ప్లాస్మా నైట్రైడింగ్ సూచించాను. రింగుల సందుల్లో ఇసుక నీటితో పాటు కొట్టుకుపోతుంది, తాడులో లాగా కూరుకుని నిలిచి గీరదు. అందుకని పలుచని ఎస్-ఫేజ్ పొర అక్కడ మోయవలసిన భారం తక్కువ. మొదటి జత రింగులను వ్యాసం కొలిచి, రాసిపెట్టి బిగించాము. వచ్చే వానాకాలం తరువాత మళ్లీ కొలుస్తాము.